బతికున్నవాళ్లకు ఒక్కటే

జనవరి 6, శనివారం

మల్సున్ వెళ్లిపోతోందట. ఫిబ్రవరి ఇరవై ఏడున. కొరియాకి, మళ్లీ రాకుండా.

ఆసియా సరుకుల కొట్లో విన్నాను. ముల్లంగి ఏరుకుంటుంటే వెనక ఇద్దరు ఆడవాళ్లు చెప్పుకుంటున్నారు. దక్షిణాన సముద్రం దగ్గర చిన్న ఇల్లు కొనుక్కుందట, సామాను సగం ముందే పంపేసిందట. "ఈ వయసులో ఒక్కతే అక్కడ ఏం చేస్తుందమ్మా?" అని ఒకావిడ అంటే, "ఇక్కడ మాత్రం ఏం చేస్తోంది, ఒక్కతేగా!" అని రెండో ఆవిడ నవ్వింది. నేను ముల్లంగి తూకం వేయించుకుని వచ్చేశాను. ఇంటికొచ్చి చూస్తే నాలుగు కిలోలుంది. మా ఇద్దరికీ ఒకటి చాలు.

పోతే పోనీ. నాకేమిటి? జర్మనీలో, ఇదే బోహుంలో, ట్రాములో నాలుగు స్టాపుల అవతల ఉంటూ నలభై తొమ్మిదేళ్లుగా ఒక్క మాట మాట్లాడుకోలేదు. ఇప్పుడు సముద్రాలు దాటి కూర్చుంటే కొత్తగా తగ్గేదేముంది?

ఈ నోట్‌బుక్కు కూడా ఆ కొట్లోనే కొన్నాను. ఎందుకు కొన్నానో తెలీదు. ఎవాల్డ్ కంటబడినా భయం లేదు. నలభై ఆరేళ్ల కాపురంలో మా ఆయన నేర్చుకున్న కొరియన్ "ఇంకాస్త వడ్డించు" ఒక్కటే. అదీ నోటితోనే, చదవడం రాదు.

జనవరి 9, మంగళవారం

మంగళవారాలు ఫెన్యా బడి నుంచి నేరుగా మా ఇంటికే వస్తుంది. మా బిర్గిట్ కూతురు, తొమ్మిదేళ్లు. ఈరోజు బూట్లు కూడా విప్పకుండా వంటింట్లోకి దూసుకొచ్చి ఒక రంగుల కాగితం నా ముక్కు ముందు ఆడించింది.

"అమ్మమ్మా! ఫిబ్రవరి పదిన కొరియా సాంస్కృతిక కేంద్రంలో కొత్త సంవత్సరం పండగట. పిల్లలందరూ పెద్దవాళ్లకి దణ్ణం పెడతారట. మనం వెళ్దాం, అమ్మ సరేనంది."

"నాకు మోకాలు నొప్పే తల్లీ. అది పై అంతస్తు, లిఫ్టు లేదు."

ఎవాల్డ్ పేపరు వెనక నుంచి, "ఆ మోకాలేనా ఓకీ, మొన్న మయోర్కా దీవిలో చర్చి మెట్లు రెండొందల నలభై ఎక్కింది?" అన్నాడు. ఓకీ అంటే నేనే. ఓక్బున్ అనడం ఆయనకి ఇప్పటికీ బద్ధకం.

"ఎండాకాలం మోకాలు వేరు, చలికాలం మోకాలు వేరు," అన్నాను.

ఆ కేంద్రం మొదలుపెట్టిన నలుగురిలో మల్సున్ ఒకతె. ముప్ఫై ఏళ్లుగా అక్కడి వంటగది ఆవిడదే. అందుకే నేను ఆ గడప తొక్కలేదు. మాలా కొరియా నుంచి వచ్చిన మిగతా నర్సులందరూ శనివారాలు పిల్లల్ని అక్కడికి భాష నేర్చుకోవడానికి పంపేవారు. బిర్గిట్‌కి కొరియన్ రాదు. ఇక్కడి బడి చదువులు అలాంటివి, ఏం చేస్తాం.

జనవరి 10, బుధవారం

మోకాలు నిజంగానే నొప్పిగా ఉంది.

జనవరి 14, ఆదివారం

బిర్గిట్ ఫోన్ చేసింది. "ఒక్క పూటేగా అమ్మా, పిల్ల అంతగా అడుగుతోంటే. అసలా మల్సున్ గారు నీకేం చేశారు?"

"ఏమీ లేదు. పడలేదు, అంతే," అన్నాను.

కన్నకూతురికి చెప్పలేదు, కట్టుకున్నవాడికీ చెప్పలేదు. ఇక్కడ రాస్తాను. రాస్తే అరిగిపోదు కదా.

1971లో నర్సు ఉద్యోగాలకి ఒకే విమానంలో వచ్చాం. నాకు ఇరవై ఒకటి, తనకి ఇరవై మూడు. నేను దారి పొడుగునా ఏడుస్తుంటే పక్క సీట్లోంచి, "ఇక ఆపవే, దిగగానే ఫొటో తీస్తారట. ముక్కు బోండాంలా ఉంది," అంది. ఆ రోజు నుంచి అక్కా అని పిలిచాను. ఆస్పత్రి వాళ్ల నర్సుల హాస్టల్లో ఇద్దరికీ కలిపి ఒకటే గది. కిటికీ బయట గట్టు మీద జాడీ పెట్టి మామూలు క్యాబేజీతో కిమ్చీ పచ్చడి పట్టేవాళ్లం. మన మిరప్పొడి దొరక్క తీపి మిరపకాయల పొడి వేసేవాళ్లం. వార్డెన్ వచ్చి ఈ గదిలో ఏదో చచ్చిందని ముక్కు మూసుకుంటే, దుప్పటి నోట్లో కుక్కుకుని పడీపడీ నవ్వేవాళ్లం.

మా వార్డులో మొదట పోయింది కోట్కె అనే ముసలావిడ. నా అన్నవాళ్లు ఎవరూ లేరు. ఒళ్లు తుడిచి, జుట్టు దువ్వాక మల్సున్ మంచం చుట్టూ తెర లాగేసి, "మనమైనా దణ్ణం పెడదాం," అంది. నేను మోకాళ్ల మీద కూర్చుని నుదురు నేలకు ఆనించి లేచి నిలబడ్డాను. కంగారులో అంతటితో ఆగిపోయాను. "ఇంకోటి పెట్టవే పిచ్చిదానా! బతికున్నవాళ్లకి ఒకటి, పోయినవాళ్లకి రెండు. అదీ మర్చిపోయావా?" అని నా మెడ మీద చెయ్యి వేసి మళ్లీ వంచింది. అలాంటిది మా మల్సున్.

మా మల్సున్ అని రాశాను. కొట్టేయను, ఉండనీ.

1974 నవంబరులో మా తమ్ముడు మాన్సిక్ టెలిగ్రాం ఇచ్చాడు. అమ్మకి బాగాలేదు, వెంటనే బయల్దేరు అని. నేను డ్యూటీలో ఉన్నాను. హాస్టల్ గుమాస్తా దగ్గర మల్సున్ తీసుకుంది. తీసుకుని తన పరుపు కింద పెట్టుకుంది. ఆరు రోజులు. ఆ ఆరు రోజులూ నాతో కలిసి అన్నం తింది, నాకు జడ వేసింది, పక్క మంచం మీద పడుకుంది. ఆరో రోజున అమ్మ పోయిందని రెండో టెలిగ్రాం వచ్చింది. అప్పుడు రెండూ కలిపి తెచ్చి నా చేతిలో పెట్టింది.

"చెబితే నువ్వు వెళ్లిపోయేదానివి. వెళ్తే కాంట్రాక్టు పోయేది, నిన్ను మళ్లీ రానిచ్చేవాళ్లు కాదు. నీ జీతం లేకపోతే మాన్సిక్ చదువేమయ్యేది? నీ మంచి కోసమే..."

"ఆరు రోజుల్లో నేను అమ్మని చూసుకునేదాన్ని," అన్నాను.

ప్రాణం పోయేటప్పుడు పక్కన లేని బిడ్డ ఏం బిడ్డ అంటారు మావాళ్లు. నేను పెద్దకూతుర్ని. ఎన్ని జన్మలెత్తినా ఆ మచ్చ పోదు.

"ఈరోజుతో నువ్వు నాకు చచ్చిపోయావు," అన్నాను. వారం తిరక్కుండా గది మారాను.

ఇంతే. రాస్తే రెండు పేజీలు కూడా కాలేదు.

జనవరి 16, మంగళవారం

ఫెన్యా పండగ మాటే ఎత్తలేదు. ఎత్తకుండా, అన్నం కెలుకుతూ, నిట్టూరుస్తూ కూర్చుంది. అచ్చం నాలాగే ఉంది, దిక్కుమాలిన పంతం.

జనవరి 20, శనివారం

వెళ్దామని చెప్పాను. పిల్ల కోసం.

జనవరి 28, ఆదివారం

ఎవాల్డ్ అడిగాడు, "నీ స్నేహితురాలు సముద్రం పక్కన ఇల్లు కొనుక్కుందట కదా, మనం ఎప్పుడైనా వెళ్దామా?" అని. ఆయనకెవరు చెప్పారో! పందెం పావురాలు పెంచే ఆయన క్లబ్బులో మగవాళ్లు మాట్లాడుకునేది పావురాల గురించి కాదని నాకెప్పటి నుంచో అనుమానం.

"నా స్నేహితురాలు కాదు. టికెట్లు చాలా ఖరీదు," అన్నాను.

మయోర్కాకి మూడుసార్లు వెళ్లాం, నార్వేకి ఒకసారి. కొరియాకి నేను వచ్చిన దగ్గర్నుంచి వెళ్లలేదు. అమ్మ పోయినప్పుడు వెళ్లనిదాన్ని, పోయాక ఏ ముఖం పెట్టుకుని వెళ్లను? మాన్సిక్ ఫొటో పంపాడు. కొండ మీద గుండ్రటి మట్టిదిబ్బ, పక్కన ఒంటి పైన్ చెట్టు. ఇప్పుడు మాన్సిక్ కూడా లేడు, అయిదేళ్లవుతోంది. ఆ దిబ్బ మీద గడ్డి ఎవరు కోస్తున్నారో. సమాధి మీద గడ్డి పెరిగిపోతే ఊరంతా చూసి, ఈవిడకి పిల్లలు లేరు కాబోలు అనుకుంటారు.

అమ్మ ఫొటో వంటింట్లో ఫ్రిజ్ పక్కన అల్మారా మీద ఉంది. ఏటా నవంబరులో దాని ముందు అన్నం, సూపు, పళ్లు పెట్టి రెండు దణ్ణాలు పెడతాను. నేను చేయగలిగింది అదొక్కటే.

ఫిబ్రవరి 6, మంగళవారం

బిర్గిట్ ఎక్కణ్ణుంచో పిల్లకి పండగ బట్టలు తెప్పించింది. ఎర్ర పావడా, ఆకుపచ్చ పైచొక్కా. ముడి ఎలా వేయాలో దానికి తెలీదు, నేను మర్చిపోయాను. ఇద్దరం కలిసి గుర్రం మెడకి తాడు కట్టినట్టు కట్టాం.

"దణ్ణం పెట్టడం వచ్చా?" అని బిర్గిట్ అడిగింది.

"ఓ, అమ్మమ్మ దగ్గర ఎప్పుడో నేర్చుకున్నా," అంది ఫెన్యా.

నాకెంత గర్వమేసిందో చెప్పలేను. కూతురికి ఏమీ నేర్పలేదు కానీ మనవరాలు నన్ను చూసి నేర్చుకుంది. ఇంకేం కావాలి?

ఫిబ్రవరి 9, శుక్రవారం

జుట్టుకి రంగు వేసుకున్నాను. ఎలాగూ వేసుకోవాల్సిందే. నీలం బ్లౌజు, బూడిదరంగు బ్లౌజు మార్చి మార్చి చూసుకుంటుంటే ఎవాల్డ్, "పెళ్లిచూపులా?" అన్నాడు. పిల్లతో వెళ్తున్నాం, నలుగురూ చూస్తారు, ఆ మాత్రం ఉండొద్దా?

ఫిబ్రవరి 10, శనివారం. పండగ

ఏం జరిగిందో వరసగా రాయాలి.

వాన పడుతోంది. పాత ప్రాథమిక పాఠశాల భవనం, పై అంతస్తు. గుమ్మం దగ్గర వందకి పైగా బూట్లు. ఎవాల్డ్ మేజోడుకి చిల్లు, బొటనవేలు బయటికి చూస్తోంది. "నీకెన్నిసార్లు చెప్పాను!" అంటుండగానే లోపల్నుంచి వాసన వచ్చింది. నువ్వులనూనె, వెల్లుల్లి, కాగుతున్న ఎముకల రసం. యాభై ఏళ్లుగా నా వంటింట్లో ఇవే వండుతున్నాను, కానీ ఆ వాసన మనిషి ఒక్కతే ఉన్నచోట రాదు, ఇరవైమంది కలిసి వండినచోటే వస్తుంది.

మల్సున్ ఎంత చిన్నదైపోయిందో! మనిషి ఎండిపోయింది. జుట్టు మొత్తం తెలుపు, రంగు వేసుకోదనుకుంటా. నేను కోట్లు తగిలించేచోట నిలబడిపోయాను. ఆవిడ ఫెన్యా ముందు మోకాళ్ల మీద కూర్చుని, "ఎవరమ్మా ఈ ముడి వేసింది, పిల్లనా ఉరి తీస్తున్నారా?" అంటూ ఊడదీసి ఒక్క క్షణంలో చక్కగా కట్టింది. తర్వాత పిల్ల గడ్డం పట్టుకుని ముఖంలోకి చూసింది. "ఈ కనుబొమ్మలు ఎవరివో నాకు తెలుసు," అంది. నావైపు చూడలేదు.

పెద్దవాళ్లని వరసగా చాపల మీద కూర్చోబెట్టారు. నన్నూ రమ్మన్నారు. మోకాలు నొప్పన్నాను. అందరిలోకీ పెద్దదని మల్సున్‌ని మధ్యలో కూర్చోబెట్టారు. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి ఒక్కో పెద్దమనిషికి దణ్ణం పెడుతున్నారు. ఫెన్యా వంతు వచ్చింది. నేరుగా మల్సున్ ముందుకే వెళ్లింది. రెండు చేతులూ నుదుటి దగ్గర పెట్టుకుని, మెల్లగా కూర్చుని, నుదురు నేలకి ఆనించింది. ఎంత ముద్దుగా పెట్టిందో! బిర్గిట్ వీడియో తీస్తోంది. పిల్ల లేచి నిలబడింది.

మళ్లీ వంగింది.

ఎవరో "అయ్యయ్యో!" అన్నారు. పిల్లకి ఏమీ తెలీదు. రెండోసారి కూడా అంతే శ్రద్ధగా, నెమ్మదిగా, నుదురు నేలకి ఆనించి లేచింది.

మల్సున్ ముఖంలో రక్తం లేదు. ఒక్క క్షణమే. తర్వాత తొడ చరిచి పెద్దగా నవ్వింది. "అప్పుడే పంపించేస్తున్నావా తల్లీ! ఆగు, విమానం ఇంకా పదిహేడు రోజులకి!" అంది. దాంతో అందరూ నవ్వారు. పిల్ల చేతిలో పండగ డబ్బుల కవరు పెట్టి బుగ్గ నిమిరింది. ఫెన్యా మురిసిపోతూ పరిగెత్తుకొచ్చింది. "బాగా పెట్టానా అమ్మమ్మా?"

బియ్యప్పిండి బిళ్లల సూపు పోశారు. ఎవాల్డ్ మూడు గిన్నెలు తాగాడు. అందులో ఒకటి నాది.

వచ్చేటప్పుడు బూట్లు వేసుకుంటుంటే పక్కకి వచ్చి నిలబడింది. గోడ వైపు చూస్తూ, మెల్లగా, మన యాసలో అంది.

"పసిపిల్ల చేత చెప్పించావా ఓక్బున్? చచ్చిపోయావన్నావు, అన్నమాట మీద నిలబడ్డావు. బాగుంది."

కాదు అనాలి. నేను నేర్పలేదు అనాలి. బూటు లేసు ముడి వేస్తూ వంగే ఉన్నాను. తలెత్తేసరికి ఆవిడ లేదు.

ఫిబ్రవరి 11, ఆదివారం

నేను నేర్పలేదు.

ఫిబ్రవరి 12, సోమవారం

నేను నేర్పలేదు. అసలు నేను ఎవరికీ ఏమీ నేర్పలేదు. అదే కదా వచ్చిన చిక్కు.

ఫిబ్రవరి 13, మంగళవారం

ఫెన్యాకి చెప్పాను. దాచలేకపోయాను. రెండు దణ్ణాలు పోయినవాళ్లకే పెడతారని చెబితే దాని కళ్లు ఇంతింతయ్యాయి.

"మరి నువ్వెప్పుడూ రెండే పెడతావుగా!"

"అది మా అమ్మ ఫొటోకి తల్లీ. ఆవిడ పోయింది కదా."

"నేను చూసింది అదొక్కటే అమ్మమ్మా. బతికున్నవాళ్లకి పెట్టడం మనింట్లో నేనెప్పుడూ చూళ్లేదు. నాకేం తెలుసు?"

నిజమే. ఈ ఇంట్లో బతికున్న పెద్దవాళ్లెవరికి పెట్టాను నేను? ఎవరున్నారని పెట్టను? ఒక్క మనిషి ఉంటే ఆ మనిషిని చంపేసి కూర్చున్నాను.

పిల్ల ఏడ్చింది. "ఆవిడ నేను కావాలని పెట్టాననుకుందా?" అంది. నువ్వు కాదు, నేను పెట్టించాననుకుంది అని చెప్పలేదు. కాసేపయ్యాక ముక్కు తుడుచుకుని, సోఫాలో కునుకుతున్న తాతయ్య మీద సాధన మొదలుపెట్టింది. ఒక దణ్ణం పెట్టి నిలబడి, "ఇప్పుడు ఇంకోటి పెడితే తాతయ్య పోతాడా?" అని అడిగింది. ఎవాల్డ్ ఒక కన్ను తెరిచి, "ఒక్కటి చాలమ్మా, ఒక్కటి చాలు, శనివారం పావురాల పందెం ఉంది," అన్నాడు.

"మళ్లీ వెళ్లి సరిగ్గా పెట్టొస్తా," అంది ఫెన్యా. "ఇప్పుడు చెల్లుతుందా?"

"పున్నమి దాకా చెల్లుతుంది," అన్నాను. అన్నాక గుర్తొచ్చింది, మా అమ్మ మాట అది. దూరాభారం నుంచి వచ్చేవాళ్ల కోసం పండగ దణ్ణానికి పదిహేను రోజులు గడువు అనేది.

పున్నమి ఇరవై నాలుగున.

ఫిబ్రవరి 17, శనివారం

కేంద్రానికి ఫోన్ చేశాను. ఆవిడే ఎత్తింది. "హలో? హలో? ఎవరండీ?" పెట్టేశాను.

ఫిబ్రవరి 18, ఆదివారం

మళ్లీ అదే. ఈసారి "ఎవరండీ" అనలేదు. ఊరికే పట్టుకుని ఉంది. నేనూ పట్టుకుని ఉన్నాను. వెనకాల కుక్కర్ కూతలు రెండు వినబడ్డాయి. తర్వాత ఎవరు ముందు పెట్టేశారో తెలీదు.

ఫిబ్రవరి 21, బుధవారం

ఎవాల్డ్‌కి మొత్తం చెప్పాను. టెలిగ్రాం, పరుపు, అన్నీ. ఆయన పావురాల గూట్లో నీళ్లగిన్నె కడుగుతున్నాడు. అలా కడుగుతూనే విన్నాడు.

"అదిగో, ఆ మచ్చల పావురం చూశావా," అన్నాడు చివరికి. "ఆరు వందల కిలోమీటర్లు ఎగిరొస్తుంది, అందరికంటే ముందొస్తుంది. వచ్చి గూటి కప్పు మీద కూర్చుంటుంది. లోపలికి రాదు. గూట్లోకి దిగితేనే పందెం గడియారం ఆగుతుంది ఓకీ. కప్పు మీద ఎంతసేపు కూర్చున్నా లెక్కలోకి రాదు."

"నన్ను పావురంతో పోలుస్తున్నావా?"

"మంచి పావురంతోనే," అన్నాడు.

ఫిబ్రవరి 24, శనివారం. పున్నమి

నలుగురం వెళ్లాం. పున్నమి భోజనం, అదే మల్సున్‌కి వీడ్కోలు భోజనం కూడానట. అయిదు ధాన్యాల అన్నం, ఎండబెట్టిన ఆకుకూరల వేపుళ్లు, పళ్లతో కొరికి పగలగొట్టడానికి అక్రోట్లు. అలా కొరికితే ఏడాదంతా కురుపులు రావని మా నమ్మకం. ఎవాల్డ్ అక్కడివాళ్లతో, "నావి కట్టుడు పళ్లు, కురుపులు వస్తే మీదే పూచీ," అంటున్నాడు.

మల్సున్ వంటగది ముందు చాప మీద కూర్చుని, ఒళ్లో గిన్నె పెట్టుకుని అక్రోట్లు ఏరుతోంది. ఫెన్యా నేరుగా వెళ్లి ఎదురుగా నిలబడింది.

"మల్సున్ అమ్మమ్మా, మొన్న నేను తప్పు పెట్టాను. అమ్మమ్మ నేర్పలేదు. ముత్తమ్మమ్మ ఫొటోకి పెడుతుంటే చూసి, అందరికీ అంతే అనుకున్నాను. ఈరోజు పున్నమి కదా, ఇంకా చెల్లుతుందట."

మల్సున్ గిన్నె పక్కన పెట్టింది. పిల్ల వంగింది. నుదురు ఆనించింది. లేచింది. లేచి, పొరపాటున ఎక్కడ వంగిపోతానో అన్నట్టు రెండు చేతులూ ఒంటికి అతికించుకుని, "ఒక్కటే!" అని గట్టిగా అంది.

"హమ్మయ్య! బతికించావు తల్లీ," అంది మల్సున్.

అప్పుడు నావైపు చూసింది. అక్కడే, కోట్లు తగిలించేచోటే ఉన్నాను. ఇంకా కోటు కూడా విప్పలేదు. విప్పడానికి ఆగితే మళ్లీ కప్పు మీదే ఉండిపోతానని భయమేసింది. అలాగే వెళ్లాను. చేతులు నుదుటి దగ్గర పెట్టుకున్నాను. మోకాళ్ల మీదికి దిగాను. యాభై ఏళ్లుగా బతికున్న మనిషి ముందు వంగని నడుం అది, కర్రలా ఉంది. నుదురు చాపకి తగిలింది. చాప సబ్బు వాసన వేస్తోంది.

"అక్కా," అన్నాను. "కొత్త సంవత్సరం నీకు అంతా మంచి జరగాలి."

లేవలేకపోయాను. ఎవాల్డ్ వచ్చి రెక్క పట్టుకుని లేపాడు. నిలబడ్డాను. మల్సున్ నా ముఖం చూడటం లేదు, నా నడుం వైపే చూస్తోంది, మళ్లీ వంగుతుందా అని. హాల్లో ఇంకొందరు కూడా అటే చూస్తున్నారు.

నేను వంగలేదు. నిటారుగా నిలబడ్డాను. ఒక్కటి చాలు.

"కూర్చో," అంది. చాప మీద చేత్తో తట్టి మళ్లీ అంది. "కూర్చోవే, గుంజలా అలా నిలబడ్డావేం?"

కూర్చున్నాను. బిర్గిట్ పిల్లని అవతలికి తీసుకెళ్లింది. మల్సున్ మళ్లీ గిన్నె ఒళ్లోకి లాక్కుంది.

"ఆ టెలిగ్రాం," అంది అక్రోట్ల వైపు చూస్తూ. "కాంట్రాక్టు, మాన్సిక్ చదువు అన్నాను. అన్నీ నిజాలే. కానీ దాచింది అందుకు కాదు. నువ్వు వెళ్లిపోతే ఆ గదిలో నేనొక్కదాన్నే ఉండాలి. అది తల్చుకుంటే భయమేసింది. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ ఆరు రోజులయింది. నీ మంచి కోసం కాదే, నా కోసం. నువ్వెలాగూ వెళ్లిపోయావు."

కోపం వచ్చింది. ఈ పుస్తకంలో కూడా అబద్ధమెందుకు, కోపం వచ్చింది. ఒంటరితనం భయానికి నా తల్లి చివరి చూపు పోగొట్టిందా అని కడుపు మండింది. లేచి వెళ్లిపోదామనుకున్నాను. మోకాలు ఇందాకే పట్టేసింది. ఆవిడ ఒక అక్రోటు కొరికి పగలగొట్టి, పప్పు తీసి నా అరచేతిలో పెట్టింది. హాస్టల్లో నా పళ్లు గట్టివి కావని ఏటా తనే కొరికిపెట్టేది. నేను తినేశాను. ఆ గది నాకూ తెలుసు. గది మారాక కొత్త గదిలో పక్క మంచం ఖాళీగా ఉండేది, ఆ ఖాళీ మంచం వైపు వీపు పెట్టి పడుకునేదాన్ని.

చాప మీద పడ్డ పెచ్చులు అరచేతిలోకి ఏరుకుంటూ అడిగాను. "నీ కొత్త ఇంటి నుంచి మా ఊరు ఎంత దూరం?"

"బస్సులో రెండు గంటలు. దిగాక కొండెక్కాలి, మన వయసుకి అరగంట."

"వీలైతే అమ్మ దగ్గరికి ఒక్కసారి... పక్కన పైన్ చెట్టుంటుంది, అది గుర్తు..."

"ఆ చెట్టు లేదుగా. పదేళ్ల క్రితం తుపానుకి పడిపోయింది. మొదలుంది. దాని మీదే కూర్చుంటాను."

నాకు వెంటనే తట్టలేదు. "కూర్చుంటావా?"

"మరి? అంత కొండెక్కి నిలబడే ఉండాలా?"

"ఎన్నిసార్లు వెళ్లావు?"

"కొరియా వెళ్లినప్పుడల్లా. మొదటిసారి డెబ్భై ఎనిమిదిలో. రెండు దణ్ణాలు నీ పేరున, రెండు నా పేరున. మీ అమ్మకి చెప్పుకున్నాను, నీకే చెప్పుకోలేకపోయాను."

"మాన్సిక్ ఎప్పుడూ చెప్పలేదే!"

"నేనే ఒట్టు పెట్టించుకున్నాను. చెబితే నువ్వు ఆ దణ్ణాలు కూడా వద్దనేదానివి. కాదంటావా?"

కాదనలేదు.

"మాన్సిక్ పోయాక గడ్డి కోసేవాళ్లు లేరే," అంది. "నిరుడు వెళ్లేసరికి నడుమెత్తు పెరిగింది. ఊళ్లోకి దిగి కొడవలి అడుక్కొచ్చి కోశాను. ఎవరమ్మా నువ్వు అని అడిగారు. పెద్దకూతుర్నని చెప్పాను."

"పెద్దకూతుర్ని నేను," అన్నాను.

"నాకంటే రెండేళ్లు చిన్నదానివి, నువ్వు పెద్దకూతురివెలా అవుతావే? చిన్నది జర్మనీలో ఉంది, ఉద్యోగం వదిలి రాలేకపోయింది అని చెప్పాను. పాపం అన్నారు."

ఏడ్చాను. అంతమందిలో, కోటుతో, అరచేతిలో అక్రోటు పెచ్చులతో. ఎవరేమనుకుంటే నాకేం? అక్క తన ముక్కు కూడా వంట ఆప్రానుకి తుడుచుకుని, "ఇక ఆపవే. ముక్కు బోండాంలా ఉంది," అంది.

ఫిబ్రవరి 27, మంగళవారం

ఫ్రాంక్‌ఫర్ట్ విమానాశ్రయం నుంచి అక్క ఫోన్ చేసింది. వెనకాల గోలగోలగా ఉంది.

"సెప్టెంబరులో మళ్లీ గడ్డి కోయాలి. కొడవళ్లు రెండు కొంటున్నాను. మోకాలు నొప్పని సాకులు చెప్పకు, మీ ఆయన నాకు అంతా చెప్పాడు."

"ఏం చెప్పాడు?"

"మయోర్కా మెట్లు."

ఎవాల్డ్‌ని అడిగితే పావురాలకి మేత వేయాలని గూట్లోకి జారుకున్నాడు. సెప్టెంబరులో ఆ మేత ఎవరు వేస్తారంటే, తనే వేస్తానని ఫెన్యా అంది.

మోకాలికి ఏమీ లేదు. ఎప్పుడూ ఏమీ లేదు.